అమ్మ వద్దన్న వాక్యం

"ఇంకోసారి సెప్పు జోగయ్యా. నా మొహం సూసి సెప్పు. రేపట్నుంచి నా సన్నాయి గుడి గడప తొక్కకూడదా?"

త్యాగరాజు కేకకు, వాకిట్లో పెదకర్మ షామియానా విప్పుతున్న మనుషులు కూడా చేతులాపి లోపలికి చూశారు.

గుడి మేనేజరు జోగయ్య కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. చేతిలో కాఫీ గ్లాసు ఉంది. తాగితే బాగుండదు, కింద పెడితే అంతకన్నా బాగుండదు. మనిషి మంచివాడే. చెడ్డ కబురు మోసుకురావడానికి లోకంలో ఎప్పుడూ మంచివాళ్ళే దొరుకుతారు.

"నా సేతుల్లో ఏటున్నాది త్యాగరాజు గారూ? మీ వంతులో వరసగా పక్షం రోజులు సేవ తప్పితే వంతు అవతలింటికి పోతాదని మీరే ఒప్పుకున్నారు కదా. బాబు ఆసుపత్రిలో ఉన్న రోజులు, ఆ తరవాత మైల రోజులు కలిపితే దాటిపోనాది. గుళ్ళో కంప్యూటర్ తెర మీద వచ్చీసింది. సాయంత్రం పూజకి గంట కొట్టేలోగా ఏదీ మారకపోతే ఇంక ఖాయమే."

"నా కొడుకు సచ్చిపోతే, నేను గుళ్ళోకొచ్చి సన్నాయి ఊదాలేటి?"

ఆ మాట ఆ ఇంట్లో అంత బాహాటంగా ఎవరూ అనలేదు. వచ్చినవాళ్ళందరూ "అలా జరిగిన దగ్గర్నుంచీ" అనే అంటున్నారు. త్యాగరాజు కూడా నోరు జారాక ఆగిపోయి, భార్య వైపు చూశాడు.

ధనలక్ష్మి గోడకు జారగిలబడి కూర్చుంది. తల పైన దండ వేసిన ఫొటోలో శ్రీరామ్ నవ్వుతున్నాడు. భోగాపురం దగ్గర రోడ్డు మీద బండి పడిపోయిందని ఫోన్ వచ్చిన రోజు నుంచి ఆమె సరిగ్గా తిన్నది లేదు, నిద్రపోయింది లేదు, గట్టిగా ఏడ్చిందీ లేదు. ఇప్పుడు కూడా భర్త మాట విన్నదో లేదో తెలియలేదు.

కూతురు మహతి ఆమె పక్కనే కూర్చుని తల్లి చీర కుచ్చిళ్ళు సర్దుతోంది. సర్దడానికి అక్కడేమీ లేదు. ఫోన్ ఒళ్ళో బోర్లించి పెట్టుకుంది.

"నా మీద ఎగరకు అన్నయ్యా," అంది ఎదుటి మంచం మీంచి జగదీశ్వరి. త్యాగరాజు చెల్లెలు. రెండు వీధుల అవతలే ఆమె ఇల్లు. "నేనేటి నీ వంతు లాక్కోడానికి వచ్చానా? నా మేనల్లుడి పెదకర్మకి వచ్చాను."

"నిన్నేటన్నానే నేను?"

"అనలేదు. అనేలాగ సూస్తన్నావు. నాన్న సచ్చిపోయే ముందు సగం వంతు నాకు పసుపుకుంకుమ కింద ఇస్తానన్నాడు. నువ్వు ఇవ్వలేదు. ఆయన మాటకి సాక్ష్యం ఏదన్నావు. నా మొగుడు కోర్టు మెట్లు ఎక్కి దిగి, ఎక్కి దిగి, ఆ మెట్ల మీదే ముసలోడైపోయి పోనాడు. చివరికి నీ కూతురే వచ్చి నా సెయ్యి పట్టుకుంది. అత్తా, ఇది మనుషుల మాట కాదు, కంప్యూటర్ రాత, ఎవరూ వెనక్కి తిప్పలేరు, కేసు వదిలీ అంది. వదిలీసాను. ఇప్పుడు నీకు కష్టమొచ్చిందని తిప్పమంటే, రేపు నాకు కష్టమొస్తే నువ్వు తిప్పుతావా?"

ఆమె మాటలో తప్పేమీ లేదు. అదే అందరికీ కష్టంగా ఉంది. తప్పు మాట్లాడితే తిట్టి పంపేయొచ్చు.

ఆమె కొడుకు అనంతకృష్ణ గుమ్మం దగ్గర నిలబడి "ఊరుకో అమ్మా" అన్నాడు. అతనూ సన్నాయి కళాకారుడే. త్యాగరాజు దగ్గరే నేర్చుకున్నాడు. కోర్టులో తగువు నడుస్తున్నన్ని రోజులూ పొద్దున్నే వచ్చి మావయ్య దగ్గర పాఠం చెప్పించుకుని, మధ్యాహ్నం తండ్రితో కలిసి ప్లీడరు ఇంటికి వెళ్ళేవాడు. ఈ ఊళ్ళో అదేమీ వింత కాదు.

"నేను ఊరుకోనురా. ఎన్నాళ్ళు ఊరుకుంటాను?" అంది గానీ, జగదీశ్వరి అప్పటికే కళ్ళు తుడుచుకుంటోంది. "ఆ గుంటడు నా సేతుల్లో పెరిగేడు."

త్యాగరాజు చెల్లెల్ని వదిలేసి కూతురి వైపు తిరిగాడు.

"మహతీ. నువ్వే కదమ్మా రాసింది. స్మార్ట్ కాంట్రాక్టు అన్నావు, బ్లాక్‌చెయిన్ అన్నావు, దేశదేశాల కంప్యూటర్లలో ఒకే రాత ఉంటాదన్నావు. ఎవరూ మోసం సెయ్యలేరన్నావు. బాగానే ఉంది. దాని మీదే కదా పరిశోధన సేస్తన్నావు? అంత సదివినదానివి, మనుషులన్నాక సస్తారని తోచలేదా? ఆ ఒక్క మాటా రాయడానికి నీకేటి బరువైపోయింది?"

మహతి తల దించుకుంది. ఆమె దగ్గర సమాధానం ఉంది. ఆ సమాధానం పక్కనే, గోడకు జారగిలబడి కూర్చుని ఉంది.

ఒప్పందం కుదిరిన రోజు ఇదే హాల్లో షరతులన్నీ కాగితం మీద రాసుకొచ్చి రెండిళ్ళవాళ్ళకూ చదివి వినిపించింది మహతి. ఆర్నెల్లు ఒకరు, ఆర్నెల్లు ఒకరు. తెల్లవారుజామున మేలుకొలుపు వాయించాక ఇంటి ఫోన్ నుంచి హాజరు నొక్కాలి. సేవ ఎగ్గొడితే వంతు పోతుంది. అందరూ తలలూపారు. తరువాతి వాక్యం మొదలుపెట్టింది. ఇంట్లో ఎవరికైనా మరణం సంభవించినచో...

వంటింట్లోంచి ధనలక్ష్మి పరుగున వచ్చింది. చేతికి ఇంకా పిండి ఉంది.

"నీ నోట్లో ఏటున్నాదే? శుభమా అని రాసుకుంటంటే ఆ మాటేటి? తథాస్తు దేవతలు తిరుగుతుంటారు. తీసెయ్ ముందు."

జగదీశ్వరి కూడా వదినకే వత్తాసు పలికింది. ఇరవై ఏళ్ళలో ఆ వదినా ఆడపడుచులు ఏకమైన సందర్భం అదొక్కటే. మహతి నవ్వి, అందరి ముందూ ఆ వాక్యం మీద అడ్డంగా గీత కొట్టేసింది.

"నేనే వద్దన్నాను."

అందరూ ఉలిక్కిపడ్డారు. మాట్లాడింది ధనలక్ష్మి. ఇన్ని రోజుల తరువాత గొంతు బొంగురుగా, వేరే మనిషి గొంతులా ఉంది.

"దాన్ని అనకండి. అది రాస్తానంది. నేనే వద్దన్నాను." ఆమె మెల్లగా కూతురి వైపు తిరిగింది. "తీసేసేవు కదమ్మా? ఆ మాట అందులో లేదు కదా?"

"అమ్మా..."

"నాకదే బెంగగా ఉంది. ఒకవేళ ఉండిపోయిందేమో, తథాస్తు అనీసేరేమో అని. నిజం సెప్పు. తీసేసేవు కదా?"

"తీసేసేనమ్మా," అంది మహతి.

ధనలక్ష్మి కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలింది. "మంచినీళ్ళియ్యి," అంది. మహతి గ్లాసు అందిస్తే, ఎవరూ బతిమాలకుండానే గడగడా తాగేసింది. జగదీశ్వరి లేచి గబగబా కాస్త పెరుగన్నం కలిపి తెచ్చి నోటికి అందిస్తే రెండు ముద్దలు తిన్నది కూడా.

అది చూసి త్యాగరాజు కోపమంతా చప్పగా చల్లారిపోయింది. కొడుక్కి తన చేతులతోనే తలకొరివి పెట్టుకున్న మనిషి. గోడవారనున్న పెట్టె తెరిచి సన్నాయి తీశాడు. ఊదే పీక ఊడదీసి గుడ్డలో చుట్టాడు.

"కానీలే. నా చెల్లెలేగా, పరాయిదా ఏటి," అన్నాడు. "కాకపోతే ఒక్కటే. ఊహ తెలిసిన దగ్గర్నుంచి సన్నాయి కోసమే పొద్దున్నే లేచేను. పెళ్ళయ్యాక కూడా అంతే. తరవాత ఆడి కోసం లేచేను, పక్కన కూకోబెట్టుకుని నేర్పడానికి. ఇప్పుడు ఆడూ లేడు, ఇదీ లేదు. రేపు పొద్దున్న నేను దేనికి లేవాలి?"

ఎవరినీ అడగలేదు. తనలో తానే అనుకున్నట్టు అనేసి పెట్టె మూత వేశాడు.

మహతి లేచి పెరట్లోకి నడిచింది. గుమ్మం దాటుతూ బావకు కళ్ళతోనే సైగ చేసింది.

పెరట్లో కర్మకు తెచ్చిన వంట గిన్నెలు బోర్లించి ఉన్నాయి. అనంతకృష్ణ వచ్చేసరికి మహతి ఆ గిన్నెల మధ్య పీట మీద కూర్చుని ఫోన్ తెరిచి చూస్తోంది.

"బావా. ఆ వాక్యం అందులో ఉంది."

"ఏ వాక్యం?"

"అమ్మ తీసెయ్యమన్నది."

అతనికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "మరి ఇప్పుడే కదా అత్తతో..."

"అబద్ధం సెప్పేను. కాగితం మీద కొట్టేసేను. నిజానికి ముందు తీసేసేను కూడా. కానీ..."

ఆ 'కానీ' వెనక ఎంత కథ ఉందో బావకు ఎలా చెప్పాలో ఆమెకు తెలియలేదు. స్మార్ట్ కాంట్రాక్టు ఒకసారి బ్లాక్‌చెయిన్ గొలుసులోకి ఎక్కించాక రాసినవాళ్ళు కూడా దిద్దలేరు. అందుకే లోకంలో ఎంతోమంది పరిశోధకులు ఒకటే పని మీద కూర్చున్నారు: ఎక్కించక ముందే, అందులో లొసుగు లేదని లెక్కలతో నిరూపించే పద్ధతులు కనిపెట్టడం. మహతి కూడా అందులోనే ఉంది. ఆమె వాడే సాధనానికి షరతులన్నీ ఇచ్చి, ఏ పరిస్థితిలోనూ వంతు అన్యాయంగా పోదు అని నిరూపించమంటే, అది జరగగల పరిస్థితులన్నీ ఒక్కొక్కటే వెతుకుతుంది. ఎక్కడైనా తేడా వస్తే ఆగి చూపిస్తుంది. దానికి మర్యాదలు తెలియవు. శుభం, అశుభం తెలియవు. అమ్మ వద్దన్న వాక్యం తీసేసిన ప్రతిసారీ అది ఒక్కచోటే ఆగింది. వాయించే మనిషి ఇంక లేడు, ఇంటివాళ్ళు రాలేరు, వంతు పోయింది. ఇది న్యాయమేనా?

ఆమె ఎన్ని విధాలుగా తిప్పి రాసినా అది మళ్ళీ మళ్ళీ అదే అడిగింది.

"శ్రీరామ్ నా పక్కనే ఉన్నాడు బావా. రాసీ అక్కా, అమ్మకి సెప్పకు, దాని మానాన అది పడి ఉంటాది అన్నాడు. పనిచేస్తాదో లేదో సూడ్డానికి ఎవరిదో పేరు పెట్టాలి కదా. అసల్దాంట్లో కాదు, ఊరికే పరీక్ష నెట్‌వర్కులో. నా పేరు పెట్టుకోబోతే లాక్కుని ఆడి పేరు కొట్టేడు. తెర మీద 'ధ్రువీకరించబడింది' అని వస్తే ఎంత నవ్వేడో. దండ ఎప్పుడేస్తావే అని అడిగేడు."

ఆమె ఏడుపు బయటికి రాకుండా పమిట నోట్లో కుక్కుకుంది. అనంతకృష్ణ బోర్లించిన గిన్నె మీద కూలబడ్డాడు.

"ఇప్పుడేటి సెయ్యాలి?" అన్నాడు.

"మా ఇంటి తరపున నేను ఆడి పేరు రాయాలి. అవతలింటివాళ్ళు ఔననాలి. దానికి చావంటే తెలీదు కదా, రెండిళ్ళవాళ్ళూ సెప్తేనే నమ్ముతాది. గంట కొట్టేలోగా అయితే మైల రోజులు లెక్కలోంచి పోతాయి. నాన్న రేపు పొద్దున్నే లేస్తాడు."

"అత్తకి తెలిస్తే?"

"గుళ్ళో తెర మీదే కదా వస్తాది. అమ్మ ఇప్పట్లో గుడికి రాదు."

"మా అమ్మ నన్ను సంపేస్తాది."

"నీకు ఇష్టం లేకపోతే వద్దు బావా. అత్త అన్నదాంట్లో తప్పు లేదు. నువ్వు కాదంటే నేను మళ్ళీ అడగను."

అతను ఫోన్ తీసి చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. మహతి తన ఫోన్లో తమ్ముడి పేరు రాసింది. అక్షరాలు అలవాటుగానే పడిపోయాయి. చిన్నప్పుడు వాడి పుస్తకాల అట్టల మీద పేరు రాసింది తనే.

అనంతకృష్ణ ఫోన్ మెరిసింది. అందులో ప్రశ్న ఒక్కటే. ఈ వ్యక్తి మరణించిన మాట నిజమేనా? కింద ఔను, కాదు.

అతని బొటనవేలు చాలాసేపు గాలిలోనే ఉండిపోయింది.

"కాదు అని నొక్కాలనుందే మహతీ," అన్నాడు. "ఒక్కసారి కాదు అని నొక్కి సూడాలనుంది."

మహతికీ అలాగే ఉంది.

అతను ఔను నొక్కి, ఫోన్ జేబులో పెట్టుకుని, కుళాయి దగ్గరికి వెళ్ళి ముఖం కడుక్కున్నాడు.

లోపల జోగయ్య గొంతు వినిపించినప్పుడు మహతికి మొదట ఏమీ తట్టలేదు. తెర మీదికి ఏది వచ్చినా మేనేజరు ఫోన్‌కు కూడా సందేశం వెళ్ళేలా తనే పెట్టింది. ఆ సంగతి ఈ కంగారులో పూర్తిగా మరిచిపోయింది.

"త్యాగరాజు గారూ! అమ్మవారు సల్లగా సూసిందండి. మీ వంతు మీకే ఉండిపోయింది!" జోగయ్య కుర్చీలోంచి లేచిపోయాడు. ఇన్నాళ్ళకు ఈ ఇంట్లో ఒక మంచి మాట చెప్పే భాగ్యం దొరికిందని పాపం ఆయన సంబరం. గట్టిగా చదివేశాడు. "ఇదిగో, సూడండి. త్యాగరాజు గారింట మరణం. పేరు శ్రీరామ్. రెండిళ్ళవాళ్ళూ ధ్రువీకరించినారు. నియమం ప్రకారం..."

మహతి గుమ్మంలోకి వచ్చేసరికి ఆయన చదవడం ఆపేశాడు. ఎందుకు ఆపాడో ఆయనకే తెలియదు. గదిలో అందరూ ధనలక్ష్మిని చూస్తున్నారు కాబట్టి ఆయనా చూశాడు.

ధనలక్ష్మి గోడ పట్టుకుని లేచి నిలబడింది.

"ఏ నియమం ప్రకారం?"

జోగయ్య ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. జగదీశ్వరి మంచం దిగి వదిన భుజం పట్టుకోబోయింది. ధనలక్ష్మి ఆ చేయి తప్పించుకుంది.

"ఇందాక లేదన్నావు," అంది కూతురితో.

"అవునమ్మా."

"ఉన్నాదా?"

"ఉంది."

"ఎప్పుడు రాసేవు? ఇప్పుడా, అప్పుడా?"

ఇప్పుడే అని ఒక్క మాట చాలు. మహతికి ఆ మాట పెదాల దాకా వచ్చింది. కానీ ఇందాకటి అబద్ధానికి తల్లి మంచినీళ్ళు తాగిన తీరు కళ్ళ ముందు కదిలింది. రెండోసారి అలా చెప్పడానికి మహతికి నోరు రాలేదు.

"అప్పుడేనమ్మా. తమ్ముడు ఉండగానే."

త్యాగరాజు "ధనం..." అంటూ ఒక అడుగు వేశాడు. చేతిలో సన్నాయి పెట్టె అలాగే ఉంది. జోగయ్య మాట చెవిన పడగానే తెలియకుండానే అందుకున్నాడు కాబోలు. భార్య చూపు దాని మీద పడేసరికి, పరాయి వస్తువు పట్టుకుని దొరికిపోయినవాడిలా దాన్ని కింద పెట్టేశాడు.

"నేను బతిమాలేను కదే," అంది ధనలక్ష్మి. ఆమె గొంతులో కోపం లేదు. అదే ఉంటే బాగుండేదనిపించింది మహతికి. "పిండి సేతులతో పరుగెత్తుకొచ్చి బతిమాలేను. ఒక్క మాట తీసెయ్యమన్నాను. నీ పని అవ్వదని ఉంచేవా?"

"అమ్మా, అది ఒట్టి రాత. రాత వల్ల ఎవరికీ ఏమీ..."

"సరే. ఒట్టి రాతే. ఇప్పుడు తీసెయ్."

మహతికి అర్థం కాలేదు.

"ఆడి పేరు అందులోంచి తీసెయ్. మీ నాన్న వంతు పోతే పోనీ. నాకు సన్నాయి వద్దు, ఏటీ వద్దు. ఆ మాట పక్కన నా కొడుకు పేరు ఉండకూడదు. తీసెయ్ తల్లీ."

చిన్నపిల్లను మంచి చేసుకున్నట్టు అడుగుతోంది. ఆ పేరు తుడిచేస్తే ఇంకేదో కూడా తుడిచిపోతుందన్న ఆశ ఆమె కళ్ళలో స్పష్టంగా కనిపిస్తోంది. జగదీశ్వరి చూడలేక ముఖం తిప్పుకుంది. వెనక అనంతకృష్ణ తడి ముఖంతో నిలబడిపోయాడు.

"తీయలేనమ్మా."

"నువ్వే కదా రాసింది."

"నేను రాసినా అంతే. ఎక్కించాక నేనూ తీయలేను, బావా తీయలేడు. ఎప్పటికీ ఎవరూ తీయలేరు."

గుళ్ళో సాయంత్రం పూజకు గంట మొదలైంది. జోగయ్య అలవాటు కొద్దీ చేతులు జోడించబోయి మానేశాడు. "రేపు పొద్దున్న ఎవరొస్తారండీ?" అని నసిగాడు. త్యాగరాజు విననట్టే నేల చూస్తూ నిలబడ్డాడు.

ధనలక్ష్మి గంట ఆగేదాకా కూతురి ముఖంలోకే చూస్తూ ఉంది.

"మరి అలాటిదాంట్లో నా కొడుకు పేరెందుకు రాసేవే?"